వక్క రంగు బిళ్ల

…కొరకడం వరకే నా బాధ్యత, మింగడంతో నాకు సంబంధం లేదు అనుకుంటే మనసుకు కాస్త తేలిగ్గా ఉంటుంది గాని, రాఘవమ్మగారు ఆ మధ్యాహ్నం పడక్కుర్చీలో అలా మెడ వాల్చేశాక ఆ మాట నాకే అంత గట్టిగా వినిపించడం లేదు. సరే, ముందు నేనెవరో చెప్పాలి కదా. నేను ఒక అడకత్తెరను. ఒళ్లు ఇత్తడి, నోరు ఇనుము. రెండు కాళ్లు, వాటిని కలుపుతూ ఒక మేకు. నా ఆలోచనలన్నీ ఆ మేకు చుట్టూనే తిరుగుతాయి కాబట్టి చెప్పిన చోటికే మళ్లీ మళ్లీ వస్తే విసుక్కోకండి.

అజ్జరంలో ఒక కంచరి నన్ను చిలక ఆకారంలో చేద్దామనుకున్నాడు. అనుకున్నాడు, అంతే. ముక్కు దగ్గర అచ్చు కదిలింది. నన్ను వెలుతురుకి ఎత్తి చూసి, "పోన్లే, కొనేవాళ్లు వక్క తెగిందా లేదా చూస్తారు గాని నీ మొహం చూస్తారా" అని పక్కన పడేశాడు. ఆ తరవాత చూసినవాళ్లు నన్ను కోడి అన్నారు, బాతు అన్నారు, ఒకావిడ తొండ అంది. నేను మాత్రం లోపల చిలకనేనని నమ్ముతూ వచ్చాను. తన గురించి తనకి తెలిసినంతగా ఎవరికీ తెలియదన్న ధీమా మనుషులకే ఉంటుందనుకుంటారు. ఇత్తడికి కూడా ఉంటుంది.

రాఘవమ్మగారు కొత్తపెళ్లికూతురుగా ఉన్నప్పుడు ఒక అమ్మవారి తీర్థంలో నన్ను కొన్నది. ముఖాలు నాకు అంతగా గుర్తుండవు. అరచేతులే గుర్తు. ఆవిడ అరచెయ్యి వెచ్చగా, సున్నం వాసన వేస్తూ, తొందరలేకుండా ఉండేది. భర్త పోయాక నన్నూ, ఆకుల డబ్బానూ సంచిలో వేసుకుని మండపేటలో కూతురి దగ్గరికి వచ్చేసింది. కూతురు భ్రమరాంబని ఆవిడ తన అన్నకొడుకు గవర్రాజుకే ఇచ్చింది. అందుకని ఆ ఇంట్లో అల్లుడి మర్యాదలేమీ లేవు. ఆవిడ అతన్ని "ఒరే" అంటుంది, అతను ఆవిడని "అత్తా" అంటాడు, భ్రమరాంబ అతన్ని "బావా" అంటుంది.

గవర్రాజు దర్జీ. ముందు గది కొట్టు, వెనక గదులు ఇల్లు. జాకెట్ల కటింగులో అతని పేరు చెప్పుకుంటూ పక్క ఊళ్లనించి వచ్చేవారు. బల్ల మీద అతని కత్తెర ఉండేది. మహారాణి. గుడ్డ తప్ప ఇంకేదీ తాకేది కాదు. ఒకసారి భ్రమరాంబ పాలపాకెట్టు కత్తిరించిందని గవర్రాజు పూటంతా మాట్లాడలేదు. "గుడ్డ కత్తెరకి కాయితం చూపించినా మొద్దుబారిపోద్దే" అనేవాడు. నేను వెనక వసారాలో, తమలపాకుల మధ్య పడుకుని ఆ మాట వింటూ ఉండేవాణ్ణి. ఏమి చూపించినా కొరికే నాబోటివాడికి అటువంటి పరువు ఎలా ఉంటుందో ఊహకి కూడా అందేది కాదు.

అలా ఉండగా గవర్రాజుకి పేగు చిల్లుపడింది. కడుపునొప్పి వస్తే గ్యాస్ అనుకుని, సోడాలు తాగుతూ పెళ్లిళ్ల సీజను జాకెట్లు లాక్కొచ్చాడు. ఆఖరి జాకెట్టుకి హుక్కులు కుట్టి, దారం కొరికి, పడిపోయాడు. విషం రక్తంలోకి ఎక్కిందన్నారు. రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో పొట్ట కోసి, ఐసీయూలో చాలా రోజులు ఉంచారు. గొంతులో గొట్టం వేశారు. దాన్ని పీకేసుకుంటున్నాడని చేతులు మంచానికి కట్టారు. ఆ మత్తులో అతనికి నర్సులంతా జాకెట్ల కోసం వచ్చిన బేరాల్లా కనిపించారట. మంచం చుట్టూ ఉన్న పచ్చ తెరకి అంచు వంకరగా కుట్టారని, విప్పి కుడదామంటే చేతులు కట్టేశారని ఏడ్చాడట. తల పక్కన యంత్రం టిక్కుటిక్కుమంటుంటే, ఎవరో తన కుట్టుమిషను తొక్కి పాడుచేస్తున్నారని అనుకున్నాడట.

బతికాడు. చుట్టాలందరూ వచ్చి "పునర్జన్మ" అన్నారు, బత్తాయిలు ఇచ్చి వెళ్లిపోయారు. పునర్జన్మ ఎత్తినవాడికి తరవాత ఏమవుతుందో చూడ్డానికి ఎవరూ ఉండరు. గాటు పెట్టిన డాక్టరు గాటు మానిందని చూసి పంపేశాడు. ఐసీయూ డాక్టరుకి అతను ఖాళీ అయిన మంచం. ఊళ్లో డాక్టరు ఆసుపత్రివాళ్లు రాసిచ్చిన మందుల కాయితం అటూ ఇటూ తిప్పి, "పెద్దవాళ్లు రాశారు, మనం కదపకూడదు" అన్నాడు. అందులో ఒక బిళ్ల ఉంది, గట్టి నొప్పులకి ఇచ్చేది. 'నొప్పి ఉంటే వాడవలెను' అని రాశారు. ఎప్పుడు మానాలో రాయలేదు. ప్రతి ఒక్కరూ ఆ మాట ఇంకొకరు చెబుతారనుకున్నారు. గవర్రాజు ఆ చీటీ నలిగిపోకుండా ప్లాస్టిక్కు అట్ట వేయించాడు. మందులషాపులో దాన్ని చూపించగానే బిళ్లలు వచ్చేవి.

నొప్పి నిజమే. పొట్ట మీద గాటు లాగేది, అరికాళ్లు మండేవి. అయితే నాకు అర్థమైనంతలో అసలు సంగతి మిషను దగ్గర ఉంది. ఇంటికొచ్చి మొదటిసారి మిషను ముందు కూర్చుని తొక్కగానే, ఆ టకటక చప్పుడుకి అతను మళ్లీ ఆ మంచం మీదకి వెళ్లిపోయాడు. పాదం ఆగిపోయింది. లోపలికొచ్చి ఒక బిళ్ల వేసుకున్నాడు. కాసేపటికి మిషను మళ్లీ మిషనులాగే వినిపించింది. అంతే. అప్పట్నించి బిళ్ల పడితేగాని తొక్కుడుపలక మీద కాలు పడేది కాదు. దాన్ని అతను నొప్పి అనే పిలిచేవాడు. దేనికో ఒక పేరు పెట్టాలి కదా. నన్ను చిలక అనుకున్నట్టే.

ఒకరోజు మందులషాపు అతను భ్రమరాంబతో, "మీ ఆయనకి బాగా అలవాటైనట్టుందమ్మా" అన్నాడు. ఆవిడ ఇంటికొచ్చి ఏడవలేదు, అరవలేదు. అన్నం వడ్డిస్తూ, "అలవాటంటే ఏంటి బావా?" అంది.

"ఆడికేం తెలుసు. మానేశానుగా" అన్నాడు గవర్రాజు.

ఆ మాట నోట్లోంచి వచ్చిందే గాని అతను దాన్ని పట్టుకునే బతకడం మొదలుపెట్టాడు. భ్రమరాంబ కూడా నమ్మింది. వచ్చినవాళ్లందరితో "మా బావ ఒక్క బిళ్ల ముట్టడు ఇప్పుడు" అని చెప్పేది. ఆవిడ అలా చెప్పినప్పుడల్లా అతను టేపు మెళ్లోంచి తీసి మళ్లీ వేసుకునేవాడు.

అతను అబద్ధాన్ని నిజం చేద్దామనే అనుకున్నాడు. కొంచెం కొంచెంగా తగ్గించుకుంటే ఎవరికీ తెలియకుండా మానేయొచ్చు. తగ్గించడమంటే దర్జీకి తెలిసిన దారి ఒక్కటే, కత్తిరించడం. మహారాణిని వాడడు. బ్లేడుతో కోస్తే బిళ్ల ఎగిరి మిషను కిందికి పోయింది. ఒక మధ్యాహ్నం అత్త కునుకు తీస్తుండగా వసారాలోకి వచ్చి, ఆకుల డబ్బా తెరిచి, నన్ను తీశాడు.

ఆ క్షణం నా జీవితంలో గొప్ప క్షణం అనుకున్నాను. ఇంత వయసొచ్చాక వైద్యంలోకి అడుగుపెట్టాను. కంచరి కొట్టులో ముక్కు వంకరపోయినవాణ్ణి, ఒక మనిషి వ్యసనాన్ని సగానికి సగం కత్తిరిస్తున్నాను. బిళ్ల చక్కగా నా నోట్లో ఇమిడింది. పైన వక్క రంగు పూత, లోపల తెలుపు. తెగినప్పుడు అచ్చం లేత వక్కలాగే ఉంది. కటుక్కుమంది. అతను సగం మింగి, సగం జేబులో వేసుకున్నాడు. అరచెయ్యి చెమటపట్టి ఉంది. ఆ చెమటని నేను కృతజ్ఞత అనుకున్నాను.

విచిత్రం ఏమిటంటే, బిళ్లలు తగ్గలేదు. సగం వేసుకున్న కాసేపటికే కళ్లు బరువెక్కి, కత్తిరించే జాకెట్టు మీదే నిద్రపోయేవాడు. పూట గడవకముందే ఆవలింతలు, ముక్కు కారడం, కాళ్లలో ఏవో పాకుతున్నట్టు జలదరింపు. రోగం తిరగబెట్టిందని భయపడి రెండో సగం వేసుకునేవాడు. తరవాత ఇంకో బిళ్ల కత్తిరించేవాడు. చూస్తూ చూస్తూ రోజుకి పట్టే బిళ్లలు పెరిగాయి. అతనికి కారణం అర్థం కాలేదు. దర్జీ బుర్రతో ఆలోచించి, లోపం కటింగులో ఉందని తేల్చాడు. సగాలు సమంగా రావడం లేదట. నన్ను కంటికి దగ్గరగా పెట్టుకుని, "ముక్కు వంకర" అన్నాడు. సానపట్టించుకొచ్చాడు. నేను సిగ్గుపడ్డాను. ఆ రోజునుంచి ఇంకా శ్రద్ధగా, ఇంకా నున్నగా కొరికాను. బుద్ధిమంతుడైన పనిముట్టు కంటే ప్రమాదకరమైనది ఇంట్లో మరొకటి ఉండదేమో.

మొదట్లో చెప్పిన ఆ మధ్యాహ్నం అతను ఒక బిళ్లని రెండు చేశాడు. రెండు సగాలూ నా మీదే ఉన్నాయి.

"ఎవుర్రా అది?" అంది రాఘవమ్మగారు కళ్లు తెరవకుండానే.

"నేనే అత్తా. సున్నం ఉందో లేదో చూస్తన్నా."

"నీకెందుకురా నా సున్నం? వేసుకోవు, వేసుకున్నోళ్లని చూసి మొకం చిట్లిస్తావు."

ముందు గదిలోంచి ఒక బేరం, "మాస్టారూ, ఉన్నారా?" అని పిలిచింది. గవర్రాజు నన్నూ, ఆ రెండు సగాలనూ కలిపి డబ్బాలో పడేసి మూత పెట్టాడు. మళ్లీ వచ్చి తీసుకుందామనుకున్నాడు. పొద్దున వేసుకున్నది ఎక్కి ఉంది. కొలతలు రాసుకుని, ఆ బేరాన్ని పంపి, మిషను మీద తలపెట్టి నిద్రపోయాడు.

రాఘవమ్మగారికి ఒక కంట్లో పొర ఉంది. డబ్బాలో చేత్తో తడిమి వెతుకుతుంది. ఆకుకి సున్నం రాసింది, పొగాకు ముక్క పెట్టింది, వక్క కోసం తడిమింది. ఆ సగం చేతికి తగిలింది. పెద్దదిగా ఉందనుకుంది కాబోలు, నా నోట్లో పెట్టి మళ్లీ కత్తిరించింది. నాకు తెలుసు. వక్కకీ దానికీ తేడా నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? కానీ నాకున్న నోరు ఒక్క పనికే వస్తుంది, ఆ పని చేసింది. ముక్కలన్నీ ఆకులో చుట్టి దవడన పెట్టి నమలడం మొదలుపెట్టింది. "ఈ వక్క ఏవిటో చేదుగా ఉంది" అని గొణిగి, ఇంకాస్త సున్నం వేసుకుంది. రెండో సగం కూడా అలాగే అయింది.

భ్రమరాంబ టీ తెచ్చేసరికి ఆవిడ మెడ వాలిపోయి ఉంది. పిలిస్తే పలకలేదు. ఊపిరి తీసిందా లేదా అని చూస్తుంటే, ఎప్పటికో ఒకసారి తీసింది. ఆటో పిలిచారు. బయల్దేరేముందు భ్రమరాంబ వెనక్కి పరుగెత్తి ఆకుల డబ్బా చంకన పెట్టుకుంది. "ఏం తిన్నాదని అడుగుతారు బావా, ఇయ్యే తిన్నాది" అంది. అందుకే నేను కూడా వెళ్లాను.

మండపేటలో చూసిన వాళ్లు రాజమండ్రి పంపారు. గవర్రాజు పడుకున్న ఆసుపత్రే. అతను ఐసీయూ అద్దం తలుపు దాకా వచ్చి ఆగిపోయాడు. లోపల టిక్కుటిక్కుమంటోంది. పచ్చ తెరలు ఉన్నాయి. అంచులు ఇప్పటికీ వంకరే.

డ్యూటీ డాక్టరు పేరు షాహీన్. సన్నగా ఉంది, నిద్రలేని కళ్లు. రాఘవమ్మగారి కనురెప్పలు ఎత్తి టార్చి వేసి చూసి, తలుపు దగ్గరికి వచ్చింది.

"కంటిపాపలు సూదిమొనల్లా అయిపోయాయి. మెదడులో దెబ్బ వల్ల కావచ్చు, మత్తుమందు వల్ల కావచ్చు. నిద్రమాత్రలుగాని, నొప్పి బిళ్లలుగాని ఏమైనా వేసుకున్నారా?"

"మా ఇంట్లో అలాటియ్యేం లేవండి" అంది భ్రమరాంబ. "మా బావ వాడేవాడు, ఎప్పుడో మానేశాడు. అమ్మయితే ఈ ఆకూవక్కే." డబ్బా తెరిచి చూపించింది.

"సరే. స్కానింగుకి తీసికెళ్తున్నాం. సంతకం పెట్టండి" అంది డాక్టరు.

అందరూ నావైపే చూస్తున్నారు. నా జీవితంలో నన్ను ఇంత శ్రద్ధగా ఎవరూ చూడలేదు. నా మేకు సందులో తెల్లటి పొడి ఉంది. ఎవరికీ అది కనిపించలేదు, ఒక్కడికి తప్ప. ఆ ఒక్కడు టేపు కోసం మెడ తడుముకున్నాడు. తొందరలో టేపు ఇంట్లో మరిచిపోయాడు. చెయ్యి అక్కడే ఉండిపోయింది. అతని మనసులో ఏం నడిచిందో నేను చెప్పగలను. స్కానింగులో ఏదో ఒకటి తేలుతుందిలే అనుకున్నాడు. ముసలావిడ, ఎన్నో ఉంటాయి అనుకున్నాడు. భ్రమరాంబకి మొహం ఎలా చూపించడం అనుకున్నాడు. ఇది చెబితే తననీ ఆ తలుపు లోపలికి లాగి మళ్లీ చేతులు కట్టేస్తారు అనుకున్నాడు. ఇదంతా మంచం చక్రాలు ఒక్క చుట్టు తిరిగేలోపు.

చెయ్యి చాపి నన్ను పట్టుకున్నాడు. మళ్లీ అదే చెమట. ఈసారి దాన్ని కృతజ్ఞత అనుకునే తెలివితక్కువతనం నాకు లేదు.

"మేడమ్, ఇదిగో దీంట్లో పొడుంది చూడండి. నా బిళ్ల. దీంతో కోసి డబ్బాలో పడేశాను. అత్త వక్కనుకుని నమిలేసుంటాది. రెండు ముక్కలూ లేవు." జేబులోంచి బిళ్లల అట్ట తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

డాక్టరు అట్ట మీద పేరు చదివింది. వెనక్కి తిరిగి, "స్కానింగు ఆపండి, విరుగుడు ఇంజెక్షన్ తీయండి" అని లోపలికి వెళ్లిపోయింది. భ్రమరాంబ అతన్నే చూస్తూ డబ్బా మూత పెట్టింది. పట్టలేదు. మళ్లీ పెట్టింది.

ఇంజెక్షన్ పడ్డాక రాఘవమ్మగారు గట్టిగా ఊపిరి తీసి, కళ్లు తెరిచి, డాక్టరుని చూసి, "ఎవత్తివే నువ్వు, నా ఆకులేవి?" అంది. మందు మళ్లీ పైకి ఎక్కుతుందని ఇంకో రోజు అక్కడే ఉంచారు. నన్ను ఒక ప్లాస్టిక్కు సంచిలో వేసి, పేరు రాసి, బల్ల మీద పెట్టారు. మ్యూజియంలో పెట్టినట్టే ఉంది. ఎట్టకేలకు చిలకగా గుర్తించారేమో అని పైనున్న కాయితం చదవడానికి ప్రయత్నించాను. 'వక్కలు కత్తిరించే పరికరం' అని ఉంది.

సాయంత్రం డాక్టరు గవర్రాజుని కూర్చోబెట్టింది.

"ఇది నల్లమందుకి దూరపు చుట్టం. పైగా రోజంతా మెల్లగా కరగడానికి చేసిన బిళ్ల. కోస్తే ఆ ఏర్పాటంతా పోతుంది. రోజంతా రావలసింది ఒక్కసారే వచ్చేస్తుంది, తొందరగా అయిపోతుంది. అందుకే మీకు ఇంకోటి కావలసొచ్చేది."

"సగం చేస్తే సగమే కదండి, మేడమ్?"

"గుడ్డకైతే అంతే."

అతను బల్ల మీద సంచిలో ఉన్న నన్ను చూశాడు. "సానపట్టించానండి దీన్ని" అన్నాడు. డాక్టరు నవ్వుదామనుకుని నవ్వలేదు. ఒక్కసారి మానేయకూడదని, ఆవలింతలూ జలదరింపూ రోగం తిరగబెట్టడం కాదని, మందు శరీరాన్ని పిలవడమని చెప్పింది. తక్కువ మోతాదు బిళ్లలు రాసి, కోయకుండా మింగాలని, మెల్లగా దిగుదామని చెప్పింది. "ఐసీయూలోంచి బయటపడ్డవాళ్లని మళ్లీ మేము చూడం. ఇదే మా కష్టం. నిద్రలో ఏం కనిపిస్తుంది?" అని అడిగింది. పచ్చ తెర అంచు సంగతి అతను మొట్టమొదట ఆవిడకే చెప్పాడు. భ్రమరాంబ గోడకి ఆనుకుని వింది.

ఇంటికొచ్చాక నా ఉద్యోగం పోయింది. బిళ్లల అట్ట భ్రమరాంబ కొంగుకి ముడేసుకుంది. చీటీకి వేయించిన ప్లాస్టిక్కు అట్టని పొయ్యి దగ్గర విసనకర్రలా వాడుతోంది. మొదటి రోజుల్లో అతనితో మాట్లాడేది కాదు. బిళ్ల ఇచ్చి, అతను మింగాక మాత్రం, "నాలిక చూపించు" అనేది. చూపించేవాడు. కొన్ని పూటలు మిషను తొక్కుతాడు, కొన్ని పూటలు పాదం పలక మీద పెట్టి కూర్చుంటాడు. తగ్గిందని చెప్పలేను. దిగుతున్నాడని చెప్పగలను.

రాఘవమ్మగారు మాత్రం నన్ను ముట్టుకోలేదు. కొట్లో పొట్లం వక్కపొడి తెప్పించుకుని, "ఇది రంపపు పొట్టురా" అని రోజూ తిడుతూ వేసుకునేది. నేను డబ్బాలో ఒక మూల పడుకుని ఆలోచించేవాణ్ణి. పాత ఇత్తడి కొనేవాడి తక్కెడలో నేనెంత తూగుతాను, కరిగించాక ఇంకొకడు నన్ను ఏ పక్షి చేస్తాడు, వాడికైనా ముక్కు కుదురుతుందా.

నిన్న సాయంత్రం గవర్రాజు వసారాలోకి వచ్చి ఆవిడ కుర్చీ ముందు కింద కూర్చున్నాడు.

"అత్తా, వక్క కత్తిరించనా?"

"నీ చేత్తోనా? ఓసారి కత్తిరించావుగా నాయనా, సొర్గం గుమ్మం దాకా ఎళ్లొచ్చాను."

"గుమ్మం దాకా ఎళ్లొచ్చినోణ్ణి నేనూ ఉన్నాను."

"నేను ఒక్కరోజులో తిరిగొచ్చాను. నువ్వు ఇంకా దార్లోనే ఉన్నావు" అంది ఆవిడ.

అతను డబ్బా తెరిచాడు. నన్ను తీసి వేడినీళ్లలో ముంచాడు. మేకు సందులో సూది పెట్టి గీకి, చొక్కా అంచుతో తుడిచాడు. డబ్బా అడుగునుంచి నిజమైన వక్క ఒకటి ఏరి, వెలుతురుకి ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసి, నా నోట్లో పెట్టాడు. కటుక్కుమంది. సగాలు సమంగా రాలేదు.

ఒక సగం తన నోట్లో వేసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక వక్క ఎరగని మనిషేమో, వగరుకి మొహం ముడుచుకుపోయింది. అయినా ఆవిడ ఎదురుగానే కూర్చుని నమిలాడు.

"ఇంకాసేపు నమల్రా. చూస్తాను" అంది రాఘవమ్మగారు.

నమిలాడు. మింగాడు. అడక్కుండానే నాలిక చాపి చూపించాడు. తరవాత రెండో సగాన్ని అరచేతిలో పెట్టుకుని, ఆవిడ ముందుకి చాపాడు.